గౌను పారేయకండి, ముందు నడుము రౌండ్ కొలవండి

మీరు అడిగింది ఇదీ: "1950ల మోడల్ గౌను మొదటిసారి కుడుతున్నాను. పైన బాడీ బాగానే కుదిరింది. కింద గుండ్రటి స్కర్టు మాత్రం నడుము దగ్గర నాలుగు అంగుళాలు వదులైంది. అంచు కూడా ఎగుడుదిగుడుగా ఉంది. సరిచేయొచ్చా, లేక బట్ట పోయినట్టేనా?"

బట్ట పోలేదండీ. నాకు నాలుగు కాదు, ముప్పై అంగుళాలు వదులైంది. ఆ గౌను ఇప్పటికీ వేసుకుంటున్నాను. అందుకే నా దగ్గర ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్తాను. మీ గౌనులో తప్పు ఎక్కడుందో అందులోనే దొరుకుతుందని నా నమ్మకం.

మాది గుంటూరు. నా స్నేహితురాలి పెళ్ళికి ముందురోజు సంగీత్‌కి అందరం పాతకాలం దుస్తుల్లో రావాలని అనుకున్నాం. పాతకాలం అనగానే నాకు ఆ నడుము పట్టి ఉండి కింద గొడుగులా విచ్చుకునే గౌనే గుర్తొచ్చింది. దానికి బుట్ట చేతులు పెడితే మన పాత జాకెట్ల అందం కూడా కలుస్తుందని ఆశ. మంగళగిరి వెళ్ళి అంచు లేని సాదా కాటన్, నెమలికంఠం రంగుది, ఐదు మీటర్లు తెచ్చాను. అంచు లేనిదే ఎందుకంటే గుండ్రంగా కోసే స్కర్టుకి జరీ అంచు పనికిరాదు. అంచు తిన్నగా పోతుంది, స్కర్టు వంపు తిరుగుతుంది. కత్తెర ఆ అంచుని మధ్యలో నరికేస్తుంది. నిజాం అంచు అనే ఆ జరీ అంచు ఉన్న బట్టే కావాలనుకుంటే గుండ్రం జోలికి పోకుండా, మన పరికిణీలాగా తిన్నటి బట్టని నడుముకి కుచ్చులు పోసి కుట్టుకోవాలి. ఆ రోజుల్లో అలాంటి గౌన్లు కూడా బోలెడు వేసుకునేవారు.

ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. కొత్త చేనేత బట్టని నీళ్ళలో నానబెట్టి ఆరేయకుండా కత్తెర పెట్టకూడదని మా అమ్మమ్మ చెప్పేది. రాత్రంతా నానబెట్టాను, గంజి అంతా పోయింది. ఆరాక కొలిస్తే ఐదు మీటర్లు 4.80 అయింది. ఆ ఇరవై సెంటీమీటర్లు గౌను కుట్టాక తగ్గి ఉంటే నడుము ఊపిరాడనిచ్చేది కాదు.

తప్పు ఆ తర్వాత జరిగింది. నా నడుము 30 అంగుళాలు. గుండ్రటి స్కర్టుకి నడుము రౌండ్, అంటే నడుము పట్టేలా మధ్యలో కోసే వృత్తం, ఎంత వ్యాసార్థంతో కోయాలో లెక్క వెతికితే "నడుము కొలతని 3.14తో భాగించండి" అని కనిపించింది. 30ని భాగిస్తే తొమ్మిదిన్నర వచ్చింది. బట్టని మడిచి, ఆ మడత మూల నుంచి తొమ్మిదిన్నర అంగుళాలకి చాక్‌పీసుతో వంపు గీశాను, కోశాను. ఆ లెక్క అర వృత్తం స్కర్టుది, అంటే విప్పి పరిస్తే సగం వృత్తంలా ఉండేది. నేను కోస్తున్నది పూర్తి వృత్తం. పూర్తి వృత్తానికి 6.28తో భాగించాలి. అంటే నాకు రావాల్సింది నాలుగుముప్పావు.

బట్ట నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. స్కర్టు పొడుగు 26 అంగుళాలు పెట్టుకున్నాను. రెండు అర వృత్తాలు కోసేసరికి బట్ట దాదాపు మూడు మీటర్ల డెబ్బై పోయింది. సరైన లెక్కతో అయితే మూడుంపావు మీటర్లలోపే తెమిలేది. బాడీకి తప్ప చేతులకి బట్ట మిగలకపోయేసరికి, "ఐదు మీటర్లు ఎలా చాల్లేదు?" అని ఆగి టేపు తీసి ఉంటే బాగుండేది. పక్క కుట్లు వేసి తొడుక్కున్నాను. స్కర్టు తుంటి మీద కూడా నిలవలేదు, నేరుగా పాదాల దగ్గర పడింది. నడుము రౌండ్ కొలిస్తే 60. అప్పటికి సంగీత్ ఇంకా తొమ్మిది రోజులు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అమ్మ ఆ స్కర్టుని నేల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత "దీన్ని సగానికి విడదీస్తే ఒక్కో సగానికి నడుము ఎంత?" అని అడిగింది. 30. అంటే తెలియకుండా నేను సరిగ్గా నా నడుముకి సరిపోయే అర వృత్తం స్కర్టులు రెండు కోశాను! ఒక సగం తీసేస్తే సమస్య తీరిపోయినట్టే. ఆ సగాన్ని పిన్నులతో నడుముకి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. చక్కగానే వేలాడింది కానీ తిరిగితే విచ్చుకోలేదు. నాకు కావాల్సింది ఆ విచ్చుకోవడమే. అందుకని 60ని 30కి కుచ్చులు పోద్దామని నిశ్చయించుకున్నాను.

కుచ్చులు పోయడానికి మిషన్ మీద అన్నిటికన్నా పొడవైన కుట్టు పెట్టి, పావు అంగుళం ఎడంగా రెండు వరసలు వేశాను. నడుముని ఎనిమిది భాగాలు చేసి గుర్తులు పెట్టాను. బాడీ నడుముకీ అవే ఎనిమిది గుర్తులు. బాబిన్ దారాలు (మిషన్ కింది వైపు దారాలు) రెండూ కలిపి లాగుతూ గుర్తుకి గుర్తు కలుపుకుంటూ వచ్చాను. ఒక్క వరసే వేస్తే కుచ్చు ఒకచోట గుంపు కడుతుంది, దారం మధ్యలో తెగితే మొదటి నుంచి మళ్ళీ చేసుకోవాలి. మంగళగిరి కాటన్ సన్నం కాబట్టి సాగింది. మందపాటి ఖాదీ అయితే ఇంత కుచ్చు నడుము దగ్గర దిండులా లేస్తుంది. అప్పుడు అర వృత్తంతో సరిపెట్టుకోవడమే మేలు.

బుట్ట చేతుల సంగతి కూడా అమ్మే తేల్చింది. వృత్తం కోసినప్పుడు నాలుగు మూలల్లో ముక్కలు మిగులుతాయి కదా, వాటిని నేను మూట కట్టేశాను. అమ్మ అవి విప్పి, పడుగు (బట్ట పొడుగునా వెళ్ళే దారం) దిశ చూసుకుంటూ పరిచి, రెండు పొట్టి చేతులు తీసింది. గుండ్రంగా కోసిన బట్ట ముక్కలు ఎప్పుడూ పారేయకండి.

ఇప్పుడు మీ నాలుగు అంగుళాల సంగతి. మీరు సరైన లెక్కే వేసి ఉంటారు, కానీ కుట్టుకి వదిలే బట్టని మర్చిపోయి ఉంటారని నా అనుమానం. మామూలుగా బట్ట కోసేటప్పుడు కుట్టు కోసం కొలత పెంచుతాం. ఈ నడుము రౌండ్ దగ్గర వ్యవహారం తలకిందులు. లెక్కలో వచ్చిన చోటే కోసి, అర అంగుళం లోపలికి కుట్టు వేస్తే, కుట్టు పడేది ఇంకా పెద్ద వృత్తం మీద. వ్యాసార్థం అర అంగుళం పెరిగితే చుట్టుకొలత మూడు అంగుళాలకి పైగా పెరుగుతుంది. మీ నడుము ఎంతైనా సరే, ఇది మారదు. కాబట్టి అర అంగుళం కుట్టుకి వదలాలంటే లెక్కలో వచ్చిన దానికంటే అర అంగుళం తగ్గించి కోయాలి. నాలాంటి 30 నడుముకి నాలుగుముప్పావు బదులు నాలుగుంపావు. మీకు మిగిలిన ఒక అంగుళం సాగడం వల్ల వచ్చి ఉంటుంది. గుండ్రంగా కోసిన అంచులో కొంత భాగం క్రాస్‌లో, అంటే నేత దారాలకి ఏటవాలుగా ఉంటుంది, చేత్తో నాలుగుసార్లు పట్టుకుంటే చాలు సాగిపోతుంది.

సరిచేయడం తేలిక. స్కర్టుని బాడీ నుంచి విప్పండి. రెండు పక్క కుట్లలోనూ నడుము దగ్గర అంగుళం చొప్పున లోపలికి తీసుకోండి. ఒక్కో కుట్టులో రెండు పొరలు కాబట్టి మొత్తం నాలుగు అంగుళాలు తగ్గుతాయి. ఆ కొత్త కుట్టుని తిన్నగా కిందకి తెచ్చి, ఎనిమిది తొమ్మిది అంగుళాల దగ్గర పాత కుట్టులో కలిపేయండి. ముందు కచ్చా కుట్టు వేసి తొడుక్కుని చూడండి, ఆ తర్వాతే మిషన్. జిప్పు పక్కన పెట్టి ఉంటే మాత్రం ఆ వైపు కదపకుండా, రెండో పక్క మాత్రమే అంగుళం లోపలికి తీసి (మొత్తం రెండు అంగుళాలు తగ్గుతాయి), మిగతా రెండు వెనక వైపు చిన్న కుచ్చులో సర్దేయండి.

అంచు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. కుచ్చులు కుదిరాయన్న సంతోషంలో ఆ రాత్రే కింద అంచు మడిచి హెమ్మింగ్ చేసేశాను. గౌనుని హ్యాంగర్‌కి తగిలించి నాలుగు రోజుల తర్వాత చూస్తే నాలుగు చోట్ల ఒకటిన్నర అంగుళం కిందకి దిగింది. ముందు రెండు మూలలు, వెనక రెండు మూలలు. బట్ట పాడైందని కంగారు పడ్డాను. కారణం నేతలోనే ఉంది. వృత్తంలో కొంత భాగం పడుగు మీద, కొంత పేక (అడ్డ దారం) మీద, మధ్యలో క్రాస్ మీద వేలాడుతుంది. పడుగూ పేకా గట్టిగా నిలబడతాయి, క్రాస్ మాత్రం తన బరువుకి తనే సాగుతుంది. చుట్టూ అలాంటి చోట్లు నాలుగు వస్తాయి. మీ ఎగుడుదిగుడు కూడా సరిగ్గా అవే చోట్ల ఉంటే మీ కత్తెర తప్పు ఏమీ లేదు.

హెమ్మింగ్ అంతా విప్పాను. విప్పేటప్పుడు ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను, అంత పొడుగు అంచు అది. గౌను తొడుక్కుని, సంగీత్‌కి వేసుకునే చెప్పులే వేసుకుని, చదునైన గచ్చు మీద కదలకుండా నిలబడ్డాను. అమ్మ నేల మీద కూర్చుని స్కేలు నిలబెట్టి, నేల నుంచి ఒకే ఎత్తులో మూడు అంగుళాలకొక చాక్ గుర్తు పెడుతూ నా చుట్టూ తిరిగింది. నేను తిరగలేదు, అది ముఖ్యం. మనం తిరిగితే స్కర్టు ఊగి కొలత మారుతుంది. ఎక్కువైన బట్ట కోసేసి, పావు అంగుళం చొప్పున రెండు మడతలు పెట్టి కుట్టేశాను. వంపు అంచుకి వెడల్పు మడత కుదరదు, ముడతలు పడుతుంది. 26 అనుకున్న పొడుగు ఇరవై నాలుగున్నర అయింది. ఇప్పుడైతే గుండ్రటి స్కర్టు ఏది కుట్టినా నడుముకి కలిపాక మూడు రోజులు వేలాడదీసి గానీ అంచు జోలికి పోను.

మీరు అడగలేదు కానీ ఇంకొకటి చెప్పాలి. ఈ గౌనుకి బరువు ఎక్కువ. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్‌లో ఈ సన్నని నడుము, వెడల్పు స్కర్టు రూపాన్ని చూపించినప్పుడు, దానికి పెట్టిన పేరు కోరోల్. మన వృక్షశాస్త్రం పుస్తకాల్లో ఆకర్షణ పత్రావళి అని చదువుకున్నామే, పూరేకుల వలయం, అదే. యుద్ధం వల్ల బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా బట్టలకి రేషన్ నడిచింది. అలాంటి రోజుల్లో ఒక్క స్కర్టుకి అన్ని మీటర్లు వాడటం కొందరికి కోపం తెప్పించింది, ఎంతోమందిని ఆ గౌను మీద మనసు పడేలా కూడా చేసింది. ఆ బట్ట బరువంతా మోయడానికి అప్పటి మంచి గౌన్లలో లోపల నడుముకి సాగని పట్టీ ఒకటి కుట్టేవారు. ముందు ఆ పట్టీకి హుక్ పెట్టుకుని, తర్వాత జిప్పు వేసుకునేవారు. బరువు భుజాల మీద కాకుండా నడుము మీద నిలుస్తుంది.

ఇది తెలియక నేను మొదట పట్టీ లేకుండానే కుట్టాను. అరగంట వేసుకునేసరికి నడుము కుట్టు అంగుళం కిందకి జారింది, మెడ ముందుకి లాగింది. లంగా నాడా ఉంది కదా, ఆ నూలు నాడానే నా నడుము కొలతకి కోసి, లోపల పక్క కుట్ల దగ్గరా డాట్ల (బాడీ ఒంటికి పట్టేలా వేసే మడత కుట్ల) దగ్గరా మాత్రం చేత్తో కుట్టి, వెనక హుక్ పెట్టాను. గౌను కదలకుండా నిలబడింది. స్కర్టు ఉబ్బుగా నిలబడటానికి కింద క్యాన్‌క్యాన్ అనే గట్టి నెట్ పెట్టాలనుకుంటే దాన్ని గౌనుకి కుట్టకండి, విడిగా ఇన్నర్ స్కర్టులా వేసుకోండి. గౌను మీద బరువు తగ్గుతుంది, ఉతకడం కూడా సులువు.

పాత ప్యాటర్న్ (కవర్‌లో వచ్చే కాగితపు నమూనా) చూసి కుడుతున్నట్టయితే సైజు నంబర్ నమ్మొద్దు. అప్పటి 12 ఇప్పటి 12 కంటే చాలా చిన్నది. కవర్ మీద ఛాతీ ఎన్ని అంగుళాలని రాసి ఉందో అదొక్కటే చూసుకోండి.

సంగీత్‌లో ఆ గౌను వేసుకుని తిరిగినప్పుడు అది పూర్తిగా విచ్చుకుంది. చేతుల్లో బుట్టలు ఒకటి కాస్త చిన్నదిగా ఉంది, నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ కనిపించలేదు.

మీరు ఈ రాత్రి అంచు ముట్టుకోకండి. స్కర్టు విప్పి, నడుము కుట్టు పడిన గీత మీద టేపు నిలబెట్టి చుట్టూ కొలవండి. ఆ కొలత, మీ నడుము కొలత, బట్ట ఏమిటో, జిప్పు ఎటు పెట్టారో రాయండి. పక్కల్లో ఎంత తీయాలో లెక్క వేసి చెప్తాను.