వియత్నాంలో మూడు వారాలు, తక్కువ డబ్బుల్లో అవుతుందా?

ప్రశ్న: నేనూ మా ఆయనా వేసవి సెలవుల్లో వియత్నాం వెళ్దామనుకుంటున్నాం. ప్యాకేజీ వాళ్ళు ఐదు రోజులకి చెప్పే రేటు చూస్తే భయమేస్తోంది, మాకేమో మూడు వారాలు ఉండాలని ఉంది. అక్కడి జనంలాగే తిని, తిరిగితే మా బడ్జెట్‌లో సరిపోతుందా? ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం.
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సరిపోతుందండి, నిక్షేపంగా వెళ్ళండి. విమానం టికెట్లు, వీసా, రైళ్ళు పక్కన పెడితే ఇద్దరికీ కలిపి రోజుకి మూడు వేల రూపాయల్లోపే ఉండొచ్చని నా లెక్క. కానీ ఒక్కటి, అక్కడివాళ్ళలా బతకడం అంటే ప్రతిదానికీ బేరాలాడటం కాదు, వాళ్ళ టైముకి మీరు అలవాటు పడటం. వాళ్ళు పొద్దున ఆరింటికే రోడ్డు పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని టిఫిన్ చేసేస్తారు, పదకొండుకల్లా భోజనాలు మొదలు, ఒంటిగంటన్నర దాటితే గిన్నెలు కడిగేసి కునుకు తీస్తుంటారు. మీరు పదింటికి లేచి మూడింటికి అన్నం అంటే అప్పుడు తెరిచి ఉండేవి టూరిస్టుల రెస్టారెంట్లే, అక్కడే జేబుకి చిల్లు పడేది.

మధ్యాహ్నానికి 'కామ్ బిన్ యాన్' అని అన్నం కొట్లు ఉంటాయి, మన మెస్సుల్లాంటివే, ట్రేలలో కూరలు పెట్టి ఉంటాయి, వేలు చూపిస్తే వడ్డిస్తారు, ప్లేటు 40,000 డాంగ్ అటూ ఇటూ, అంటే మన 130, 140 రూపాయలు (రూపాయికి దగ్గర దగ్గర 300 డాంగ్ అనుకోండి). తూటికూర వేపుడు, టమాటాలో ఉడికించిన టోఫు ఎక్కడైనా కనిపిస్తాయి, కానీ జాగ్రత్తమ్మా, చూడ్డానికి కూరగాయే అయినా అందులో చేపల సాస్ పడొచ్చు, పంది కొవ్వుతో వేయించి ఉండొచ్చు. అందుకే మీకు కావాల్సింది 'చాయ్' అని బోర్డు ఉన్న కొట్టు, అంటే శుద్ధ శాకాహారం. గుడ్డు సంగతి అక్కడ కూడా ఒకసారి అడగండి. 'కామ్ చాయ్' అంటే అన్నం, 'బాన్ మీ చాయ్' అంటే బ్రెడ్డు. నువ్వులూ పల్లీలూ దంచిన పొడి అన్నంలో కలుపుకుని తినడం వాళ్ళకి మామూలే, మీకు ప్రాణం లేచొస్తుంది!

ఇంకో మంచి విషయం, అక్కడ చాలామంది బౌద్ధులు చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు, ఆ రెండు రోజులూ శాకాహారం కొట్లు కిటకిటలాడతాయి. పంచాంగం చూసుకుని పౌర్ణమికి హ్యూలో ఉండేలా ప్లాన్ చేసుకోండి. పాత రాజధాని, గుళ్ళు ఎక్కువ, శాకాహార వంటకి పేరున్న ఊరు. నన్నడిగితే మూడు వారాల్లో ఒక వారం అక్కడే ఉండమంటా, ఊళ్ళు ఎక్కువ మారేకొద్దీ ఖర్చు పెరుగుతుంది.

హనోయ్ ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ ఎక్కకండి, 86 నంబర్ బస్సు ఊళ్ళోకి రైల్వేస్టేషన్ దాకా వెళ్తుంది. హనోయ్ నుంచి సైగాన్‌కి (అదే హోచిమిన్ సిటీ) రైలు దారి 1,726 కిలోమీటర్లు, ఒకేసారి వెళ్తే ముప్పై గంటల పైనే కాబట్టి ముక్కలుగా వెళ్ళండి. ఆరు బెర్తుల పెట్టెలో పై బెర్తు చవక, రాత్రి ప్రయాణమైతే రూము అద్దె కూడా మిగులుతుంది. కానీ హ్యూ నుంచి దనాంగ్‌కి మాత్రం పగలే వెళ్ళండి, హైవాన్ కనుమ దగ్గర ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం, మామూలు సీటు చాలు. టికెట్లు వియత్నాం రైల్వే సొంత సైట్‌లోనే కొనండి, ఏజెంట్లు పైన వేసుకుంటారు.

ఈ-వీసా సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు, సర్కారు సైట్‌లోనే అప్లై చేయండి. ఇంకా, 20,000 నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో డబ్బులిచ్చేటప్పుడు సున్నాలు చూసుకోండి.

బేరం సంగతికొస్తే, బట్టల బజారులో ఆడండి, తప్పులేదు. అన్నం కొట్టు ఆవిడ దగ్గర మాత్రం వద్దు, పక్కవాళ్ళు ఎంతిస్తున్నారో చూసి అంతే ఇవ్వండి.

ప్రశ్న: మా ఫ్రెండ్స్ అంతా వియత్నాంలో బైక్ అద్దెకి తీసుకుంటే అన్నిటికన్నా చీప్ అంటున్నారు, నిజమేనా సార్?
- డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: అద్దె చీపే బాబూ, కానీ మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చినదాన్ని, కాబట్టి మనది అక్కడ చెల్లదు. షాపువాడు ఏ కాగితం అడగకుండా తాళాలు ఇచ్చేస్తాడు, పోలీసులు ఆపితే జరిమానా నీకే, యాక్సిడెంట్ అయితే సరైన లైసెన్స్ లేదని ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు, అప్పుడు ఆసుపత్రి బిల్లు ఇంటిదాకా వస్తుంది. ఊళ్ళో గ్రాబ్ యాప్‌లో బైక్ బుక్ చేసుకుని వెనక కూర్చో, హెల్మెట్ వాళ్ళే ఇస్తారు.