నీ వ్యాసం చదివాక

అమ్మాయ్,

ఎల్‌జీబీటీఐక్యూ వాళ్ల (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, ఇంటర్‌సెక్స్ లాంటివాళ్ల) గురించి పైసా ఆశించకుండా తెలుగులో రాస్తానని ముందుకొచ్చావు, సంతోషం. కానీ మొదటి పేజీ నిండా కన్నీళ్లే. "పాపం", "విధివంచితులు" అన్నవి కొట్టేశాను, ఏమనుకోకు. ఆ జాలి వల్ల చదివేవాళ్ల మనసు తేలికపడుతుందేమో గానీ, నువ్వు ఎవరి గురించి రాశావో వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఆ చోటులో సమాచారం పెట్టు. 1919 నాటి నిజాం చట్టాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు సంగతంతా అక్కడే ఉంది. మగపిల్లల్ని ఎత్తుకెళ్లారనో, అసహజ నేరాలు చేశారనో అనుమానం ఉందంటే చాలు, హైదరాబాద్‌లోని హిజ్రాల పేర్లు, చిరునామాలు సర్కారు రిజిస్టరుకెక్కించొచ్చు. అలా పేరెక్కిన మనిషి ఆడవేషంలోనో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైలు. చీర కట్టుకుని గడప దాటడమే నేరమన్నమాట! నిజాం పోయాడు, రాష్ట్రం రెండుసార్లు మారింది, మధ్యలో చట్టం పేరులో చేరిన 'ఆంధ్రప్రదేశ్' కూడా పోయింది. చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కూడా తొమ్మిదేళ్లు బతికింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. దీని మీదే రెండు పేజీలు రాయి.

"2018తో అన్ని హక్కులూ వచ్చేశాయి" అన్నావు. రాలేదమ్మా. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల మీద సెక్షన్ 377 (స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్) పనిచేయదని చెప్పడం వరకే 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబరులో అదే కోర్టు ఒప్పుకోలేదు. నీ వాక్యం నమ్మి ఓ జంట రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కితే నలుగురిలో బయటపడేది వాళ్లు, మనం కాదు.

శీర్షికలో 'ఐ' ఉంది గానీ లోపల ఇంటర్‌సెక్స్ వాళ్ల, అంటే పుట్టుకతోనే ఆడా మగా అని తేల్చలేని శరీర లక్షణాలున్నవాళ్ల ఊసే లేదు. ప్రాణాపాయం లేకపోయినా అలాంటి పసిపిల్లలకు చేసే ఆపరేషన్లను తమిళనాడు 2019లో నిషేధించింది. అక్కణ్నుంచి మొదలుపెట్టు.

ఇక నీ వ్యాసంలోని ఆ కుర్రాడి సంగతి. పేరు మార్చావు, బాగుంది. బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు, తండ్రి రిటైరైన లెక్కల మాస్టారు అని రాశాక ఆ ఊళ్లో పోల్చుకోలేనివాళ్లు ఎవరుంటారు? షాపు తీసెయ్, మాస్టార్నీ తీసెయ్. మిగిలింది అతనికి చదివి వినిపించు. వద్దంటే ఆ పేరా పోనీ. ఉచితంగా రాస్తున్నామని ఈ జాగ్రత్తలో రాయితీ ఏమీ ఉండదు.

ప్రైడ్ ర్యాలీ (ఎల్‌జీబీటీఐక్యూ వాళ్ల హక్కుల ఊరేగింపు) ఫోటోల్లో మొహాలు కనిపించేవి వెనక్కి పంపుతున్నాను. మాస్కులు పెట్టుకున్నవాళ్లను దగ్గర్నుంచి తీసినవీ వద్దు. జెండాలది ఒకటుంది, అది చాలు.

మీ మాస్టారు