వాచాలుడు: పొగడ్తా, తిట్టా?

సందేహం: మా ఊళ్లో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ‘గొప్ప వాచాలుడు’ అని వేశారు. అది తిట్టు కదా అంటే, ‘మూకం కరోతి వాచాలం’ (మూగవాణ్ణి వాచాలుణ్ణి చేస్తుంది) అని శ్లోకమే ఉంది, తిట్టెట్లవుతుందని ఎదురడిగారు. వక్త, వాగ్మి, వాచాలుడు ఒకటేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: వక్త అంటే మాట్లాడేవాడు, అంతే. తక్కిన రెండూ ‘వాక్కు’ కడుపున పుట్టిన అన్నదమ్ములు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని పక్కపక్క సూత్రాల్లోనే వీటి సంగతి చెప్పాడు, ‘వాచో గ్మినిః’ అని వాగ్మికి, ఆ వెంటనే ‘ఆలజాటచౌ బహుభాషిణి’ అని వాచాలుడికి. సూత్రంలో ఉన్నది ఎక్కువగా మాట్లాడేవాడనే. ఆ సూత్రాలకు సవరణలు రాసిన వార్తికకారుడొచ్చి, వాచాలుడనేది నిందలో మాత్రమే అని ముడి వేశాడు. అంటే గంటలకొద్దీ మాట్లాడినా చక్కగా మాట్లాడితే వాగ్మే అన్నమాట. అమరకోశమైతే వాచాలుణ్ణి మొహమాటం లేకుండా ‘బహుగర్హ్యవాక్’, అంటే నిందించదగ్గ మాటలు ఎక్కువగా మాట్లాడేవాడు, అనేసింది.

వాగ్మిత్వం చూడాలంటే సభలకు పోనక్కర్లేదు, మన పెద్దన మనుచరిత్ర దగ్గరికి పోండి. (కడప జిల్లా కమలాపురం దగ్గరి కోకటం ఆయన అగ్రహారమే, ‘మన’ అనడం నా బలహీనత.) హిమాలయాల్లో దారి తప్పిన ప్రవరుడనే బ్రాహ్మడు గంధర్వకాంత వరూధినిని ‘భీతహరిణేక్షణా’ (బెదిరిన లేడి కళ్లదానా) అని పిలిచి దారి అడుగుతాడు. కళ్ల ఊసెత్తింది ఆయనే, చూడండి. ఆమె ఊరుకుంటుందా? ‘ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర’, ఇంతలేసి కళ్లుండగా దారి ఎవరినడుగుతావయ్యా, అంది. ఒక్క వాక్యంలో ఆయన అందాన్ని మెచ్చుకుంది, ఒంటరి ఆడవాళ్లను పలకరించడానికి ఇదొక నెపమని దెప్పింది, సంజాయిషీ చెప్పుకునే పని ఆయన నెత్తిన పడేసింది. అంతటితో ఆగక, ఇంద్రియాలు సుఖపడే ఆ ఇంపే పరబ్రహ్మమంటూ ‘ఆనందో బ్రహ్మ’ అన్న ఉపనిషత్తునే సాక్ష్యానికి పిలిచింది, అదీ అగ్నిహోత్రం వేళ దాటిపోతోందని గిలగిల్లాడుతున్న బ్రాహ్మడి ముందర! వినేవాళ్లు ముందే ఒప్పుకున్న మాటల్లోంచి వాదన అల్లుకోవాలని గ్రీకు దేశంలో అరిస్టాటిల్ చెప్పిన కిటుకు ఇదే. అయినా ప్రవరుడు లొంగలేదనుకోండి. లొంగకపోతేనేం, ఆమె వాగ్మే.

ఇంత కథకు ఇప్పుడు మనవాళ్లు ‘కన్విన్స్ చేయడం జరిగింది’ అంటున్నారు. జరగడమేమిటి? ఒప్పించు, నచ్చజెప్పు, సర్దిచెప్పు... ఇన్ని ఉంటే దేన్నీ ముట్టుకోరే!

గ్రీకుల సోఫిస్టు మాటకూ వాచాలుడి గతే పట్టింది. మొదట విద్వాంసుడు, తర్వాత డబ్బు పుచ్చుకుని వాదం నేర్పే గురువు, చివరికి కుతర్కం చేసేవాడు.

ఇక శ్లోకం. అక్కడ వాచాలుడు మూగవాడికి ఎదురుగా నిలబడ్డాడు కాబట్టి ధారాళంగా మాట్లాడేవాడనే అర్థం, తిట్టనలేను. తెలుగులో మాత్రం ఆ మాటకు వదరుబోతు వాసనే ఎక్కువ, నేనైతే ఫ్లెక్సీ మీద వేయను. అట్లని తప్పని కొట్టేయలేను కూడా. ఆ నాయకుడి ఉపన్యాసాలు మీరు విన్నారు, నేను వినలేదు. రాసినాయన తెలిసే రాశాడేమో.