ఫోను వేరేవాళ్ల చేతికి ఇవ్వకు

చెల్లీ,

ఇంకో రెండు నెలలు గది దాటొద్దని డాక్టరుగారు చెప్పారట. పిల్లలు పంపిన కొత్త ఫోనును నువ్వు బీరువాలో పెట్టించావని కూడా తెలిసింది. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసుకున్నప్పుడు నేనూ అదే చేశాను. చూపు మసకబారినదానికి ఈ గాజుపలకతో ఏం పని అనుకున్నాను. మనిషి గొంతు కోసం మొహం వాచిపోయాక గానీ బయటికి తీయలేదు.

అన్నీ నేర్చేసుకోవాలని కూర్చోకు. నువ్వు ఎవరితో మాట్లాడాలని తపిస్తున్నావో ఆ ఒక్కరి పేరు మొదటి తెర మీద పెట్టించుకో. వారం రోజులు అదే నీ చదువు.

నాకు మనవడు దూరం నుంచి, ల్యాండ్‌లైనులో నేర్పాడు. ఫోను లాక్కుని చకచకా నొక్కేసి "ఇంతే" అనే వీలు వాడికి లేదు. అందుకే నాకు వచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను. నీ పక్కన ఎవరు కూర్చున్నా మాట వాళ్లది, వేలు నీది. ఒకే సంగతి పదిసార్లు అడుగు, తప్పులేదు.

నేను వాడేది టాక్‌బ్యాక్, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సదుపాయం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. అది ఆన్ చేస్తే ఒకసారి తాకినప్పుడు చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది, పేజీ జరపడానికి రెండు వేళ్లు కావాలి. ఈ సంగతి తెలియక ఫోను పాడైపోయిందని ఏడ్చాను. నీకు చూపు బాగానే ఉంది కాబట్టి అది వద్దు. నీ బాధ చేతి వణుకు. అదే యాక్సెసిబిలిటీలో, వేలు ఎంతసేపు ఆనిస్తే నొక్కినట్టు లెక్కో ఆ వ్యవధి మార్చే వీలు కొన్ని ఫోన్లలో ఉంటుంది, నీ దాంట్లో ఉంటే పెంచించుకో. టైపు చేయకు, మాట పంపు. వాట్సాప్‌లో మైకు గుర్తును నొక్కిపట్టి పైకి జరిపితే తాళం పడుతుంది, ఇక వేలు తీసేసి తీరిగ్గా మాట్లాడొచ్చు.

మరిదిగారికి వినబడదని ఆయన్ని పక్కన కూర్చోబెట్టేయకు. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ ఎదుటివాళ్ల మాటల్ని అక్షరాలుగా చూపిస్తుంది. కొన్ని మాటలు తప్పుగా రాస్తుంది, అయినా సంభాషణ అందుతుంది. వీడియో కాల్‌లో అవతలివాళ్లను కిటికీకి ఎదురుగా కూర్చోమను. వెలుగు వెనక ఉంటే మొహం నల్లబడి, పెదవుల కదలిక ఆయనకు తెలియదు.

ఓటీపీ అడిగినవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా ఫోను పెట్టేయ్. నీ తెర తనకు కనబడేలా ఏదైనా యాప్ వేసుకోమన్నా అంతే.

వీడియోలో మొహం చూపించాలని లేని రోజు "ఇవాళ వద్దు" అను. ఒంట్లో బాగోనప్పుడు అరగంట నవ్వుతూ కూర్చోవడం ఎంత అలసటో నాకు తెలుసు.

ఆదివారం సాయంత్రం నా గొంతు నీ ఫోనుకు వస్తుంది. జవాబు నువ్వే పంపాలి. మాటలేమీ రికార్డు కాక నీ ఊపిరి చప్పుడే వచ్చినా, నేను మళ్లీ మళ్లీ వింటాను.

మీ అక్క