క్రిల్ అంటే బుల్లి రొయ్యలేనా? అంత పెద్ద నీలి తిమింగలం వాటితో ఎలా బతుకుతుంది?

రొయ్య కాదండీ, చూడ్డానికి అలా ఉంటుంది అంతే. నేను భీమవరం వైపు రొయ్యల మేత తయారుచేసే చోట ల్యాబ్‌లో పనిచేస్తాను. మేతలో కొద్దిగా క్రిల్ పొడి కలుపుతాం. నారింజ ఎరుపు రంగు, చేతులు కడుక్కున్నా సాయంత్రం దాకా వదలని నీచు వాసన. ఆ వాసనకే వనామి (ఇక్కడ చెరువుల్లో పెంచే రొయ్య రకం) చెక్ ట్రేలోకి, అంటే మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్లెంలోకి, త్వరగా చేరుతుంది. ఈ పొడి ఎక్కణ్ణుంచి వస్తోందా అని చదవడం మొదలుపెడితే ఇక వదల్లేదు.

చెరువు గట్టు మీద రొయ్యను పట్టుకుని, తలడొప్ప ఎత్తి మొప్పలు నల్లబడ్డాయేమో చూస్తాం కదా. క్రిల్‌కి ఆ పని లేదు, మొప్పలు కాళ్ల మొదళ్ల దగ్గర బయటికే కనిపిస్తాయి. అంటార్కిటికా క్రిల్ బాగా ఎదిగితే 6 సెంటీమీటర్లు, 2 గ్రాములు. మన రొయ్యల లెక్కలో 500 కౌంట్, అంటే కిలోకు 500! వనామి నాలుగు నెలల్లో 25 గ్రాములకు వస్తుంటే, ఇది ఐదారేళ్లు బతికీ అంతే.

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది దాని చలికాలం. మేత అందకపోతే వనామి డొల్లలో కండ తగ్గి లూజ్ షెల్ అవుతుంది. క్రిల్ అలా కాదు, పాత డొల్ల విడిచి ఈసారి చిన్న డొల్ల కట్టుకుంటుంది. అంటే వెనక్కి పెరుగుతుందన్నమాట. ల్యాబ్‌లో 200 రోజులకు పైగా తిండి లేకుండా బతికినవి ఉన్నాయి. ఒళ్లు తగ్గినా కళ్లు అంతగా తగ్గవు కాబట్టి, చిక్కిన ముసలిదేదో నిజంగా చిన్నదేదో కంటి సైజును బట్టి పోల్చుకోవచ్చు. క్రిల్ పిల్లలకు మాత్రం అంత ఓపిక ఉండదు. అవి చలికాలమంతా సముద్రపు మంచు అడుగున అంటుకున్న నాచు గీక్కుని బతకాలి. అందుకే మంచు తగ్గుతోందంటే వీటి గురించే టెన్షన్.

ఇక తిమింగలం సంగతి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లేసరికి తిండిలోని శక్తిలో సుమారు పదో వంతే మిగులుతుందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ మెట్లు రెండే: సూక్ష్మ నాచును క్రిల్ ముందుకాళ్ల వెంట్రుకలతో వడగట్టి తింటుంది, క్రిల్‌ను తిమింగలం తింటుంది. మధ్యలో చేపలు లేవు, నష్టమూ తక్కువ. పైగా గుంపు చిక్కగా ఉంటే ఒక్క ఘనమీటరు నీటిలో వేలకొద్దీ ఉంటాయి, ఒక్కొక్కదాన్నీ వెతుక్కోవాల్సిన పని లేదు. నీలి తిమింగలం రోజుకు 4 టన్నులు తింటుందని చాలాకాలం అనుకున్నారు. 2021లో ట్యాగులు పెట్టి కొలిస్తే, ఉత్తర పసిఫిక్‌లో మేసే రోజుల్లో సుమారు 16 టన్నులని తేలింది. అడేలీ పెంగ్విన్లు, క్రాబ్‌ఈటర్ సీళ్లు కూడా ఎక్కువగా దీని మీదే ఆధారపడ్డాయి.

తిమింగలాలను వేటాడేశారు కాబట్టి క్రిల్ విపరీతంగా పెరిగి ఉండాలి కదా అని మీకు అనిపించవచ్చు. అలా జరిగిన దాఖలా లేదు. దక్షిణ మహాసముద్రంలో నాచుకు ఇనుము కరువు. తిమింగలం పెంటలో ఇనుము దండిగా ఉంటుంది, ఆ ఎరువే తగ్గిపోయిందని చాలామంది శాస్త్రవేత్తల వాదన.

మనుషుల వాటా కూడా చెప్పాలి, మా ఫ్యాక్టరీ కూడా అందులో భాగమే కాబట్టి. అంటార్కిటికా ద్వీపకల్పం ఉన్న వైపు సముద్రంలో ఏడాదికి 6,20,000 టన్నుల దాకా పట్టొచ్చు. 2025లో మొదటిసారి ఆ హద్దు నిండి, సీజన్ మధ్యలోనే వేట ఆపేశారు. మొత్తం క్రిల్ కోట్ల టన్నుల్లో ఉందంటారు, ఆ లెక్కన ఇది కొంచెమే. కానీ ఓడలు వల వేసేది పెంగ్విన్లూ తిమింగలాలూ మేసే చోటే.