సన్యాసినులు నడిపే బడిలో పాపను చేర్చితే జీవపరిణామం సరిగ్గా చెబుతారా?

అడిగిన వారి సందేహం ఇది: ఇల్లు ఉప్పల్ వైపు ఉంది, దగ్గరలోనే క్యాథలిక్ సన్యాసినులు నడిపే బడి ఉంది, ఫీజు భరించదగినదే, క్రమశిక్షణకు మంచి పేరు; కానీ అమెరికాలో సృష్టివాదం మీద నడిచిన వివాదాలు చదివాక, ఆరు రోజుల్లో సృష్టి జరిగిందని చెప్పే గ్రంథాన్ని నమ్మేవారు డార్విన్‌ను నిజాయతీగా బోధిస్తారా అన్న భయం పట్టుకుంది. మా అమ్మాయి సికింద్రాబాదులో అటువంటి బడిలోనే పదో తరగతి దాకా చదివింది. అబ్బాయి మాత్రం ఏ మతం ఊసూ లేకుండా, గేటు పక్కన ర్యాంకుల ఫ్లెక్సీలు మాత్రమే కట్టే బడిలో చదివాడు. ఇద్దరి చదువునూ దగ్గరుండి చూసిన తండ్రిగా చెబుతున్నాను, నిశ్చింతగా చేర్చండి. మన ఊళ్లో పరిణామ పాఠాన్ని మింగేస్తున్నది బిట్ పేపరు. ఆ పాపంలో ప్రార్థన మందిరానికి వాటా చాలా తక్కువ.

మా అమ్మాయి పదిలో ఉన్నప్పుడు జరిగిన ఒక పేరెంట్స్ మీటింగు నాకు బాగా గుర్తుంది. జీవశాస్త్రం చెప్పే సిస్టర్ అప్పటికి అనువంశికత పాఠంలోని పరిణామం భాగాన్ని ముగించారు. మార్కుల ముచ్చట అయిపోయి అందరం లేవబోతుండగా, వెనక బెంచీలోంచి ఒక తండ్రి నిలబడి, తాము వెళ్లే చర్చిలో ఆదికాండాన్ని అక్షరాలా నమ్ముతామనీ, మనిషి కోతి నుంచి పుట్టాడని దేవుని సేవలో ఉన్నవారే పిల్లలకు చెప్పడం తనకు మింగుడుపడటం లేదనీ అన్నారు. మర్యాదగానే అన్నారు గానీ గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. ఇంతలో ముందు వరుసలోని ఒక పెద్దాయన, సిస్టర్‌కు సాయం చేస్తున్నాననే అనుకున్నారు కాబోలు, "ఇందులో గొడవేముందమ్మా, మత్స్యం, కూర్మం, వరాహం అంటూ మన దశావతారాల్లో ఇదంతా ఎప్పుడో చెప్పారు కదా" అని అందుకున్నారు.

సిస్టర్ కోప్పడలేదు, మాట దాటవేయనూ లేదు. మొదటి ఆయనతో, "మనిషి కోతి నుంచి పుట్టాడని నేను చెప్పలేదండీ. ఇప్పటి కోతులకూ మనకూ కోట్ల సంవత్సరాల కిందట పూర్వీకులు ఒకరేనని చెప్పాను" అన్నారు. మానవ దేహం ఎలా ఏర్పడిందన్న విషయంలో ఈ దిశగా పరిశోధించడాన్ని తమ చర్చి నిషేధించడం లేదని 1950లోనే పన్నెండో పయస్ పోపు రాశారనీ, 1996లో రెండో జాన్ పాల్ పోపు ఇది కేవలం ఒక ఊహ స్థాయిని దాటిందని ఒప్పుకున్నారనీ, తాను తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని వచ్చే ఈ పాఠం చెబుతున్నాననీ వివరించారు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "దశావతారాలంటే నాకు గౌరవమే సార్. కానీ పరిణామం అంటే ఒక్కో మెట్టే ఎక్కి చివరి మెట్టు మీద మనిషి నిలబడటం కాదు. చేపలూ తాబేళ్లూ మనతోపాటే ఇప్పటికీ మారుతున్నాయి. మీ మనవడు పరీక్షలో అలా రాస్తే నేను మార్కు వేయలేను" అన్నారు. గదిలో నవ్వులు వినిపించాయి. ఆ పెద్దాయనా నవ్వారు. తన మతం వారికీ, తనకు మద్దతు పలికిన వారికీ ఒకే కొలమానం వాడిన ఆ టీచరును చూశాక, బడి గోడ మీద శిలువ ఉందా, సరస్వతి పటం ఉందా అని నేను చూడటం మానేశాను.

ఆ నెలలోనే ఆమె తరగతి మొత్తాన్ని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లారు. పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ ఉంది. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో దాని ప్రస్తావన కూడా ఉండేది. అది ఒకే జంతువుది కాదనీ, అనేక జంతువుల ఎముకలను ఏరి కూర్చి నిలబెట్టినదనీ చెప్పి, అలా కూర్చడం సరైనదేనని శాస్త్రజ్ఞులకు ఎలా తెలిసి ఉంటుందో పిల్లల చేతనే రాయించారు. మీటింగులో అభ్యంతరం చెప్పిన తండ్రి కూడా బస్సు డబ్బులు కట్టి కూతురిని పంపారు.

ఇప్పుడు మా అబ్బాయి నోటుబుక్కు సంగతి. మెండల్ బఠానీ మొక్కలకు పేజీలకు పేజీలు, 3:1 నిష్పత్తి, 9:3:3:1 నిష్పత్తి, గళ్లన్నీ ఎర్ర సిరాతో. పరిణామం దగ్గరికి వచ్చేసరికి "ప్రకృతి వరణం – డార్విన్" అని ఒక్క ముక్క. బడికి వెళ్లి అడిగితే, ఇంటర్లో వీడు ఎంపీసీయే కదా సార్, ఆ పీరియడ్లు ఐఐటీ ఫౌండేషన్‌కు ఇచ్చాం అని ఇన్‌ఛార్జి ఎంతో సంతోషంగా చెప్పారు. ఫౌండేషన్‌కు వేరే ఫీజు కూడా కట్టించుకున్నారు. మా వాడు నిష్పత్తులను నిద్రలో లేపినా అప్పజెబుతాడు. జిరాఫీ మెడ సాచి సాచి పొడుగైందని మాత్రం డిగ్రీలో కూడా నమ్ముతున్నాడు.

సీబీఎస్‌ఈ అయితే మేలనుకుంటున్నారేమో. ఆ బడుల్లో వాడే పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ, విద్యార్థుల మీద భారం తగ్గించే పేరుతో పదో తరగతి సైన్సు పుస్తకంలోని "అనువంశికత, పరిణామం" అధ్యాయంలోంచి పరిణామాన్ని తీసేసింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు దాన్ని తిరిగి చేర్చాలని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ అధ్యాయం ఉంది గానీ, పది తర్వాత బయాలజీ తీసుకోని పిల్లవాడికి దానితో పనే పడదు. ఈ కోతకు ఏ మఠమూ, ఏ చర్చీ, ఏ మదరసా సంతకం పెట్టలేదు.

మీరు చదివిన అమెరికా వివాదాలు ప్రధానంగా ప్రభుత్వ బడుల గురించినవి. అక్కడి సుప్రీంకోర్టు 1987లో ప్రభుత్వ బడుల్లో సృష్టివాద బోధనను కొట్టివేసింది. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో ఫెడరల్ కోర్టు, దానికే "ఇంటెలిజెంట్ డిజైన్" పేరుతో వేసిన కొత్త ముసుగును తొలగించింది. మతసంస్థల ప్రైవేటు బడులకు ఆ తీర్పులు వర్తించవు. మన దగ్గర మతసంస్థ బడి అయినా బోర్డు గుర్తింపు ఉంటే బోర్డు పుస్తకమే చెప్పాలి, పిల్లలు బోర్డు పరీక్షే రాయాలి. కనుక గుర్తింపు లేకుండా, విదేశాల నుంచి తెప్పించిన మత పాఠ్యక్రమంతో నడిచే బడి అయితే అటు వెళ్లకండి. మీ భయం అక్కడ న్యాయమైనదే.

ఉదయం ప్రార్థన గురించి కూడా అడిగారు. రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, గుర్తింపు పొందిన బడిలో మైనరు విద్యార్థిని తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మత బోధనలోనో ఆరాధనలోనో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. అడ్మిషన్ ఫారంలో అటువంటి సమ్మతి వాక్యం ఎక్కడైనా ఉందేమో చూసి సంతకం పెట్టండి. దానికంటే ముందు, నిరుడు పది పాసైన పిల్లల జీవశాస్త్రం నోటుబుక్కు ఒకటి ఎవరింట్లోనైనా అడిగి తెచ్చుకుని, పరిణామానికి ఎన్ని పేజీలు ఇచ్చారో తిరగేయండి.