గణాంక శాఖలో డేటా గవర్నెన్స్ బాధ్యత ఇచ్చారు, వేరే శాఖలు డేటా ఇవ్వట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: రాష్ట్ర గణాంక శాఖలో కొత్తగా డేటా గవర్నెన్స్ (డేటా ఎలా రాయాలి, ఎవరికి ఇవ్వాలి, ఎలా కాపాడాలి అని చూసే పని) విభాగం పెట్టి మిమ్మల్ని ఇన్‌ఛార్జిగా వేశారు. వ్యవసాయం, రెవెన్యూ, వైద్యం, పరిశ్రమలు, ఎవర్ని అడిగినా డేటా రావట్లేదు, వచ్చినా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే వస్తున్నాయి. ముందు పాలసీ రాయాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా, పైనుంచి జీఓ తెప్పించాలా అని అడిగారు. నేను ఇదే శాఖలో మండల స్థాయిలో చేరి, చివరి కొన్నేళ్ళు హైదరాబాద్‌లో మీరు ఇప్పుడు చేయబోతున్న పనే చూశాను. నాకు ఎదురైనవే చెప్తాను.

ఆ మూడూ తర్వాత చూసుకోవచ్చండి. అవతలి ఆఫీసర్ మీకు డేటా ఎందుకు ఇవ్వాలి, ఇచ్చాక ఆయనకి ఏమవుతుంది, ఈ రెండింటికి ముందు మీ దగ్గర జవాబు ఉండాలి. పైకి "పోర్టల్ పనిచేయట్లేదు", "సార్ సంతకం కావాలి" అంటారు గానీ లోపల ఉండేది భయం. తన లెక్క పట్టుకెళ్ళి ఇంకో శాఖ లెక్క పక్కన పెట్టి, రివ్యూ మీటింగ్‌లో అందరి ముందు తనని నిలబెడతారని. ఆ భయం ఉత్తదేం కాదు, చాలాసార్లు అలాగే జరిగింది కూడా. నేను మొదటి ఏడాది పై అధికారి సంతకంతో డీఓ లెటర్లు (అధికారి పేరు మీద నేరుగా రాసే అధికారిక ఉత్తరాలు) పంపించాను, రిమైండర్లు పంపించాను, వచ్చిన జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవాటిలో సగం పోయినేడాది షీట్‌కి తేదీ మార్చి పంపినవే. ఆదేశంతో కాగితం వస్తుంది, అందులో నిజమైన డేటా ఉంటుందని చెప్పలేం.

మార్పు మొదలైంది ఒక పత్తి చేను దగ్గర. ఒక జిల్లాలో కంది విస్తీర్ణం మూడు శాఖలకి మూడు రకాలుగా ఉంది, తేడా కొద్దిగా కాదు. హైదరాబాద్‌లో కూర్చుని ఒకరి మీద ఒకరు లెటర్లు రాసుకుంటున్నాం. చివరికి మా మండల గణాంక అధికారిని, అక్కడి ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారి), రెవెన్యూ నుంచి ఒకర్ని తీసుకుని ఊళ్ళోకి వెళ్ళాను. నలుగురం గట్టు మీద నిలబడ్డాం. ఆరు సాళ్ళు పత్తి, ఒక సాలు కంది, మళ్ళీ ఆరు సాళ్ళు పత్తి. "ఈ ఎకరాన్ని మీ రిజిస్టర్‌లో ఎలా రాస్తారో ఇక్కడే రాసి చూపించండి" అన్నాను. ఒకాయన ఎకరం మొత్తం పత్తి అని రాసి కందిని వదిలేశాడు. ఇంకొకాయన సాళ్ళ లెక్కన ఎకరాన్ని పంచి కందికి ఏడో వంతు వేశాడు. మూడో ఆయన పత్తి ఒక ఎకరం, కంది ఒక ఎకరం అని రెండూ రాశాడు, ఎందుకంటే ఆయనకి కావాల్సింది ఎంతమంది రైతులకి కంది విత్తనం కావాలన్నది. ముగ్గురూ తమ పనికి సరిగ్గానే రాశారు. ఒక్కరు కూడా అబద్ధం రాయలేదు. అది తెలిసిన క్షణంలో ఆ ముగ్గురి ముఖాలు తేలికపడటం నేను కళ్ళారా చూశాను, అప్పటిదాకా ప్రతి ఒక్కరూ తమనే తప్పు పడతారని అనుకుంటున్నారు మరి.

ఆ సాయంత్రమే మండల ఆఫీసులో కూర్చుని ఒక్క పేజీ రాసుకున్నాం. అంతర పంట ఎలా రాయాలి, విత్తనం మొలవక రెండోసారి వేస్తే దాన్ని ఒకసారి లెక్కపెట్టాలా రెండుసార్లా, ఏ తేదీ నాటికి లెక్క, సంవత్సరం అంటే ఏ సంవత్సరం. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మా దగ్గర పంటల లెక్కకి జులై నుంచి జూన్ దాకా నడిచే ఫసలీ, బడ్జెట్‌కి ఏప్రిల్ నుంచి మార్చి, బడులకి జూన్ నుంచి, ముగ్గురూ ఒకే పేరుతో "ఈ ఏడాది" అంటారు. ఆ పేజీ మీద ముగ్గురి సంతకాలు తీసుకున్నాం. మెటాడేటా అని మనం పెద్ద పేరు పెట్టుకునేది దీన్నే. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ దీనికి నేషనల్ మెటాడేటా స్ట్రక్చర్ అని ఒక నమూనా ఇచ్చింది, దాన్ని వాడండి, మంచిదే. కానీ దాన్ని నింపేది రిజిస్టర్ రాసే మనిషి పక్కన కూర్చుని నింపండి, హెడ్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని కాదు.

రెండోది, అడిగే ముందు ఇవ్వండి. మా దగ్గర పంట కోత ప్రయోగాల దిగుబడి ఉంటుంది, వరికి ఐదు మీటర్లు బై ఐదు మీటర్ల ప్లాటు కోసి, నూర్చి, తూకం వేసి రాసేది. వ్యవసాయ శాఖకి అది కావాలి, మేమేమో మాకు అనుకూలంగా ఉన్న ఫార్మాట్‌లో, తీరిగ్గా పంపేవాళ్ళం. దాన్ని వాళ్ళకి కావాల్సిన వరుసలో, వాళ్ళ కోడ్‌లతో పంపడం మొదలుపెట్టాక వాళ్ళ దగ్గర్నుంచి ఎక్సెల్ ఫైళ్ళు అడక్కుండానే వచ్చాయి. ఇంకొక మాట కూడా ఇచ్చాం: మీ డేటాతో మేం వేసే పట్టిక ఏదైనా అచ్చుకి వెళ్ళే ముందు మీరు చూస్తారు, తేడా కనిపిస్తే ముందు మీకే ఫోన్ చేస్తాం, మీటింగ్‌లో కాదు. అంకె మార్చమంటే మాత్రం మార్చం, కారణం చెప్తే కింద నోట్‌లో వేస్తాం. ఈ చివరి వాక్యం మొదటిరోజే చెప్పేయాలండి, తర్వాత చెప్తే గొడవే.

కోడ్‌ల సంగతి. మీరు తెలంగాణలో ఉన్నా ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా ఇది తప్పదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందు 2014లో కూనవరం, చింతూరు లాంటి మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. కొత్త జిల్లాల్లోకి అన్ని శాఖలూ ఒకేరోజు మారలేదు. ఒక శాఖ పాత వరంగల్ అంటుంటే ఇంకో శాఖ కొత్త వరంగల్ అంటుంది, పేరు ఒకటే, నేల వేరు. దీనికి తోడు తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి, అంటే ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు. మేం ఊరూరికీ 2011 జనగణన కోడ్, ఇప్పటి ఎల్‌జీడీ కోడ్ (కేంద్రం నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊరికి ఇచ్చే నంబర్), పాత జిల్లా, కొత్త జిల్లా ఒకే వరుసలో పెట్టి ఒక పొంతన పట్టిక చేశాం. నెలల తరబడి పట్టింది. నా సర్వీసు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఆ ఒక్క ఫైలే. ఒక చిన్న జాగ్రత్త: మండలం కోడ్ ముందు సున్నా ఉంటుంది, ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఆ సున్నా పోతుంది, తర్వాత ఏ ఫైలుతో ఏదీ కలవదు. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టమని ప్రతి జిల్లాకీ చెప్పండి, చెప్పి ఊరుకోకుండా వచ్చిన ప్రతి ఫైల్లో చూడండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ ఉద్యోగంలో మీకు నిద్ర పట్టని రాత్రి వస్తే దీని గురించే వస్తుంది.

ఒక శాంపిల్ సర్వే అయిపోయిన తర్వాత వేరే శాఖ నుంచి ఒక పెద్ద అధికారి ఫోన్ చేశారు. సర్వేలో కారు ఉందని చెప్పి, రేషన్ కార్డు కూడా ఉందని చెప్పిన కుటుంబాల జాబితా కావాలన్నారు. పేర్లు, అడ్రసులతో. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, అనర్హుల్ని ఏరేయాలని. "డేటా షేరింగ్ అంటే ఇదే కదా, మీరే కదా రోజూ అడుగుతుంటారు" అన్నారు. ఇవ్వలేనని చెప్పాను. రెండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను, పైనుంచి కూడా ఫోన్లు వచ్చాయి. ఫైల్ మీద రాతపూర్వకంగా నోట్ పెట్టాను: 2008 నాటి కలెక్షన్ ఆఫ్ స్టాటిస్టిక్స్ చట్టంలో సెక్షన్ 9 ప్రకారం, జనం ఇచ్చిన సమాచారాన్ని గణాంక అవసరాలకే వాడాలి, ఇచ్చినవారెవరో తెలిసేలా ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఐక్యరాజ్యసమితి అధికారిక గణాంకాల మూల సూత్రాల్లో ఆరోది కూడా ఇదే చెప్తుంది, వాటిని మన కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదించింది. ఫైల్ అక్కడితో ఆగింది.

ఎందుకింత పట్టుబట్టానంటే, ఆ జవాబులు తెచ్చింది మా ఎన్యూమరేటర్. ఎండలో ఇంటింటికీ తిరిగి, "అమ్మా, ఇది లెక్క కోసమే, మీ పథకాలకీ దీనికీ సంబంధం లేదు" అని మా తరఫున మాటిచ్చింది ఆ అమ్మాయి. ఆ జాబితా వెళ్ళి ఒక్క కార్డు రద్దయినా ఆ ఊళ్ళో ఇంకెప్పుడూ ఎవరూ నిజం చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు హైదరాబాద్ నుంచి ఊళ్ళకి బస్సులు ఎంత కిక్కిరిసి వెళ్ళాయో ఇక్కడివాళ్ళందరికీ గుర్తే. అది సంక్షేమ పథకాల కోసం చేసిన లెక్క, జనం ఆ సంగతి తెలిసే వచ్చారు. పథకంతో ముడిపడిన లెక్కకి జనం ఒకలా కదులుతారు, వట్టి గణాంకాల లెక్కకి ఇంకోలా. ఈ రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. జనగణనకి ఈ రక్షణ 1948 చట్టం నుంచీ ఉంది, ఆ రికార్డు కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లదు. 2027 జనగణన వేళ మీ దగ్గరకి కూడా ఇలాంటి ఫోన్లు వస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

అందుకే నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, దారి ఒక వైపే. పరిపాలన రిజిస్టర్ల నుంచి (జనన మరణాలు, బడుల హాజరు, జీఎస్‌టీ) డేటా గణాంకాల్లోకి రావచ్చు. గణాంకాల నుంచి మనిషి పేరుతో పరిపాలనలోకి వెనక్కి పోకూడదు. శాఖలన్నీ కలిపి ఒకే డేటాబేస్ చేద్దామన్న ప్రతిపాదన మీ దగ్గరకి తప్పకుండా వస్తుంది, అప్పుడు మీ గణాంకాల కాపీ దానికి బయట, వేరే తాళంలో ఉండేలా చూడండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా గణాంకాలకి మినహాయింపు ఇస్తూనే, ఆ డేటాతో ఫలానా మనిషి గురించి నిర్ణయం తీసుకోకూడదనే షరతు పెట్టింది. ఇంకొకటి, చాలామంది పట్టించుకోరు: సెక్షన్ 9 రక్షణ ఆ 2008 చట్టం కింద సేకరించినదానికే. మీ సర్వే దాని కింద నోటిఫై అయిందో లేదో ఫీల్డ్‌కి వెళ్ళక ముందే చూసుకోండి.

మాట తప్పాలని లేకపోయినా తప్పిపోతుంది, అదీ చెప్పాలి. ఒక జిల్లా హ్యాండ్‌బుక్‌లో మండలాల వారీగా పరిశ్రమల ఉత్పత్తి విలువ వేశాం. ఒక మండలంలో ఆ రకం ఫ్యాక్టరీ ఉన్నది ఒక్కటే. మేనేజర్ ఫోన్ చేసి, "మా టర్నోవర్ మీ పుస్తకంలో అచ్చయింది, పోటీవాళ్ళు చదువుతున్నారు" అన్నారు. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది. తర్వాతి ఏడాది ఆ గడిలో గీత పెట్టాం, సరిపోయిందనుకున్నాం. కింద జిల్లా మొత్తం ఉంది, మిగతా మండలాలన్నీ ఉన్నాయి, తీసివేస్తే అదే అంకె వచ్చేస్తుంది. కాబట్టి ఒక గడి దాస్తే ఇంకో గడి కూడా దాచాలి, లేదా రెండు మండలాలు కలిపి వేయాలి. ఆ తర్వాత అచ్చుకి వెళ్ళే ప్రతి పట్టికనీ, దాన్ని తయారుచేయని ఇంకో మనిషి కూర్చుని తీసివేతలు చేసి చూసేలా ఏర్పాటు చేశాం. పరిశోధకులు యూనిట్ స్థాయి డేటా (ఒక్కో ఇంటిది, ఒక్కో ఫ్యాక్టరీది విడిగా ఉండేది) అడిగితే బ్రిటన్ గణాంక సంస్థలో పుట్టిన ఫైవ్ సేఫ్స్ పద్ధతి చూడండి. మనిషి, పని, చోటు, డేటా, బయటికెళ్ళే ఫలితం, ఐదూ విడివిడిగా అడిగి చూసుకోవడం. మాకు బాగా పనికొచ్చింది.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పను. మొదటి ఏడాది ఎక్సెల్, ఒక షేర్డ్ సర్వర్, ఎవరు ఏ ఫైల్ తీసుకున్నారో రాసే రిజిస్టర్ చాలు. పాలసీ మీరు రాయకపోయినా పర్లేదు, 2012 జాతీయ డేటా షేరింగ్ పాలసీ ఉంది, తెలంగాణకి 2016 ఓపెన్ డేటా పాలసీ ఉంది, వాటి కింద మీ ఒక్క పేజీ ఒప్పందాలు ఒక్కో శాఖతో చేసుకుంటూ వెళ్ళండి. ప్రతి శాఖలో నోడల్ ఆఫీసర్ పేరు అడుగుతారు కదా, ఆ పేరుతో పాటు నిజంగా షీట్ నింపే మనిషి నంబర్ కూడా తీసుకోండి, బదిలీ అయినప్పుడు కొత్తవాళ్ళ నంబర్ మళ్ళీ తీసుకోండి.

అన్ని శాఖలతో ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కటి ఎంచుకోండి, మీ లెక్కకీ వాళ్ళ లెక్కకీ ఎక్కువ తేడా ఉన్నది కాదు, మీ నుంచి ఏదో ఒకటి అవసరం ఉన్నది. ఏ శాఖ, ఏ లెక్క అని కింద రాయండి, మా దగ్గర ఆ శాఖతో చేసుకున్న ఒక్క పేజీ నమూనా గుర్తున్నంత వరకు ఇక్కడే పెడతాను.